రీబూట్ గారికి, డోనా తరఫున

అమెరికా డీసీ కామిక్స్‌లో పాత కథలు చెరిపేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించే మహారాజశ్రీ రీబూట్ గారి సముఖానికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరున్న చోట ఎవరు ఎప్పటిదాకా కుశలంగా ఉంటారో చెప్పలేం కాబట్టి ఆ మాట వదిలేస్తున్నా.

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు "అక్కా, ఈ డోనా ట్రాయ్ ఎవరు?" అనడిగింది. భోజనాలయ్యాక మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళకి అది ఫోన్ చూసుకుంటోంది, నేనింకా 1988 దాటలేదు.

మీకు తెలియనిదేముంది? వండర్ గర్ల్ వేషం కట్టే మన డోనా పుట్టిందే పొరపాటున. వండర్ గర్ల్ అంటే చిన్నప్పటి వండర్ ఉమనే. ఆ సంగతి చూసుకోకుండా 1965లో ఆమెని వేరే పిల్లలా తెచ్చి, పెద్ద హీరోల కుర్ర శిష్యులు రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్‌ల పక్కన నిలబెట్టారు. మరి ఈ పిల్ల ఎవరో 1969లో గానీ చెప్పలేదు: మంటల్లోంచి వండర్ ఉమన్ కాపాడిన పసిపిల్ల, అమ్మానాన్నలెవరో తెలీదు. రాబిన్‌గా ఉన్న డిక్ గ్రేసన్‌కీ అమ్మానాన్నలు లేరు, సర్కస్‌లో తాడు తెగి ఇద్దరూ కళ్లముందే పోయారు. పెద్ద హీరోల వెనక పరుగెత్తే పిల్లలు అన్నాచెల్లెళ్లు కావడానికి ఇంకేం కావాలండీ?

1984 జనవరి సంచిక గుర్తుందా? పెళ్లి కుదిరిన డోనా, నేనెవరో తెలుసుకోవాలంటుంది. డిక్ బయల్దేరతాడు. కాలిపోయిన ఇంట్లో దొరికిన ఒక పాత బొమ్మ పట్టుకుని ఊళ్లు తిరుగుతాడు, ముసలివాళ్లని బతిమాలి అడుగుతాడు. ముసుగు విలన్ లేడు, భవనాలు కూలవు. ఒక కుర్రాడు తోడబుట్టని చెల్లెలికి తల్లి పేరు వెతికి తెస్తాడు. రాసింది మార్వ్ వుల్ఫ్‌మన్, గీసింది జార్జ్ పెరెజ్. మరుసటి ఏడాది పెళ్లికి ఏకంగా ఒక సంచికే ఇచ్చారు. ఆ ఏడాదే మిమ్మల్ని పల్లకీలో మోసుకొచ్చిందీ ఆ ఇద్దరే. ఏం చెప్పను!

మీరొచ్చారు. వండర్ ఉమన్ కథ 1987లో మళ్లీ మొదటికొచ్చింది. అక్కే ఇంకా రాకపోతే చెల్లెల్ని కాపాడిందెవరు? అందుకని 1988లో పురాణకాలపు టైటన్లు పెంచారన్నారు. తర్వాత అదీ కాదు, డయానా (అదే, వండర్ ఉమన్) అద్దంలో ప్రతిబింబం అన్నారు. 2003లో చంపారు, 2005లో లేపారు. 2011లో మీరు మళ్లీ దయచేశారు, 2014లో ఆ అమ్మాయి ఒక మంత్రగత్తె మట్టితో చేసిన ఆయుధంగా తేలింది.

మట్టి! ఆ బొమ్మ పట్టుకుని తిరిగినవాడి శ్రమంతా ఏమైందయ్యా? పుట్టుక కథలు ఎన్నయినా రాసుకో, నాకేం. వాడు ఆ పిల్ల కోసం చేసిన పని ఎందుకు చెరిపావు? నీకు అన్నాచెల్లెళ్లు లేరా?

డిక్ తర్వాత రాబిన్ అయిన జేసన్ టాడ్ సంగతి ఎత్తను. 1988లో పాఠకులే ఫోన్లు చేసి 72 ఓట్ల తేడాతో చంపారు, ఆ పాపం నీది కాదు. కానీ వాడు బతికిందెలాగంటే, ఎవడో వాస్తవం గోడ మీద పిడిగుద్దులు గుద్దితే అట! స్టెఫనీ బ్రౌన్ రాబిన్‌గా పట్టుమని నాలుగు నెలలు నిలవకుండా ఉద్యోగం పోగొట్టుకుంది, దానికీ ఒక దండం. ఒకప్పటి కిడ్ ఫ్లాష్ వాలీ వెస్ట్‌ని మాత్రం 2011లో రేషన్ కార్డులో పేరు కొట్టేసినట్టు కొట్టేశావు.

2016లో వాడు తిరిగొచ్చినప్పుడు కట్టుకున్నదానికే గుర్తులేడు. చివరికి వాడి గురువు ఫ్లాష్, అంటే బారీ, గుర్తుపట్టి కౌగిలించుకున్న పేజీ దగ్గర నేను ఏడ్చిన మాట నిజం. ఆ పేజీ కూడా నీ పుణ్యమే. అందుకే నిన్ను నిండుగా తిట్టలేకపోతున్నా, అదే నా ఖర్మ.

ఈసారి వచ్చేటప్పుడు డోనా ఎవరని ఎవరైనా అడిగితే కొత్తగా ఏమీ కల్పించకు. డిక్‌ని అడుగు. వాడు కనుక్కున్నాడు.

ఇట్లు,
పాత సంచికలు తూకానికి వెయ్యని ఒక పాఠకురాలు