గుంజ పాతే ముందు, పీకిన తర్వాత

రెండేళ్లకొకసారి ఒడిశాలోని మన బరంపురంలో ఠాకురాణి యాత్ర వచ్చిందంటే పాత వీధుల లెక్కే మారిపోతుంది. బుడీ ఠాకురాణిని గుడి నుంచి దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి, అంటే పుట్టింటికి, తోడ్కొని వస్తారు. అమ్మవారు అక్కడ ఉన్నన్నాళ్లూ రాత్రిపూట ఘటాలు వీధుల్లో తిరుగుతాయి, పులి వేషాలు కడతారు, పురాణ ఘట్టాల బొమ్మలతో వీధుల్లో రథాలు లేస్తాయి. పేరుకు రథాలే గానీ అవి లాగడానికి కట్టినవి కావు, ఆగి చూడడానికి కట్టినవి. తెలుగు మాట్లాడే దేరా నేత కుటుంబాలు తరతరాలుగా ముందుండి నడిపిస్తున్న ఈ యాత్ర మహిమ గురించి మేము కొత్తగా చెప్పవలసింది లేదు. కొన్ని వారాలు మాత్రమే నిలిచే ఒక కట్టడం వీధిని జనానికి ఎలా తిరిగి అప్పగిస్తున్నదో, అది పోగానే ఆ వీధి మళ్లీ ఎవరి పాలవుతున్నదో మాత్రమే ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

రథం కట్టిన వీధిలోకి సాయంత్రం ఏడు గంటల వేళ వెళ్లి చూడండి. మామూలు రోజుల్లో గుమ్మానికి ఆనించి నిలిపే మోటారు సైకిళ్లు పక్క సందులోకి పోయి ఉంటాయి. వాటి వెనుక ఇన్నాళ్లూ కనబడకుండా ఉన్న అరుగు బయటపడుతుంది. ఆ అరుగు మీద ఒక ముసలమ్మ పీట వేసుకుని, పక్కన మంచినీళ్ల బిందె పెట్టుకుని కూర్చుంటుంది. రథం మీది ఏనుగు బొమ్మ తొండం కిందటి యాత్రలో ఎడమకు తిరిగి ఉండేదని ఆమె తెలుగులో అంటే, కాదు, కుడికేనని ఎవరో దారిన పోయే మనిషి ఒడియాలో జవాబు చెబుతాడు. ఇద్దరికీ పరిచయం లేదు, ఆ తొండం లేకపోతే మాటా లేదు. పది గంటలు దాటినా ఆడపిల్లలు పది మంది కలిసి ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటారు. వెలుతురు ఉండడమే కాదు, అరుగుల మీద తెలిసిన మనుషులూ ఉంటారు గనుక ఇంట్లోవారికి బెంగ ఉండదు. అదే వీధిలో యాత్ర ముగిసిన వారానికి రాత్రి ఎనిమిదింటికే తలుపులు పడిపోతాయి.

ఇది మన ఒక్క ఊరి వింత కాదు. విలియం హెచ్. వైట్ అనే పరిశీలకుడు 1970లలో న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో ఏళ్ల తరబడి చూశాడు. కూర్చునే చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారని ఆయన తేల్చాడు. ఇంతమాత్రానికి కెమెరాలెందుకని నవ్వు రావచ్చు గానీ, మన పట్టణాల్లో కూడళ్లను తీర్చిదిద్దుతున్నవారికి ఆ సంగతి ఇప్పటికీ తెలిసినట్టు కనబడదు. ముక్కూమొహం తెలియని ఇద్దరి ఎదుట చూడదగ్గ వస్తువో, వీధి ఆటగాడో ఉంటే వారి మధ్య మాట కలుస్తుందన్నది ఆయన చూసిన మరో సంగతి. మన ముసలమ్మ తొండం గొడవ సరిగ్గా అదే.

అదే న్యూయార్క్‌లో 2005 ఫిబ్రవరిలో క్రిస్టో, జాన్‌క్లాడ్ అనే కళాకార దంపతులు సెంట్రల్ పార్కు నడకదారుల మీద కాషాయ వస్త్రాలు వేలాడే 7,503 ద్వారాలు నిలిపారు. దారుల పొడవు సుమారు 37 కిలోమీటర్లు, ప్రదర్శన 16 రోజులు. చలికి ఎవరూ రాని నెలలో జనం విరగబడి వచ్చి నడిచారు. ఆ అందం మాట అలా ఉంచి, ద్వారాలను నిలిపిన తీరు గమనించాలి. నేలలో ఒక్క గొయ్యి తవ్వలేదు. బరువైన ఉక్కు దిమ్మెల మీద స్తంభాలను నిలబెట్టి, గడువు తీరగానే ఎత్తివేశారు. ఖర్చు కళాకారులే భరించారు. దారికి అడ్డంగా కాకుండా దారి పొడవునా పెట్టారు గనుక, చూడడానికి వచ్చినవారు నడవక తప్పలేదు. మన రాజధానిలోనూ 2018లో ప్రపంచ కప్ హాకీ పోటీల వేళ భువనేశ్వర్ పాతబస్తీ సందుల్లో కళాకృతులు నిలిపి, వాటిని కలుపుతూ నడకదారి వేశారు. పోటీలు చూడవచ్చినవారు ఆ సందుల్లో నడిచారు.

ఇక మన సరిహద్దు పట్టణాల సంగతి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడికి వెళ్లినా తాత్కాలికం పేరుతో నిలబడేవాటిలో రథాలూ దసరా మందిరాలూ కొన్ని, ఫ్లెక్సీ ఆర్చీలు మిగతావి. నాయకుడి పుట్టినరోజుకు ఒకటి, బంగారు కొట్టు ప్రారంభానికి ఒకటి, ఎవరో వచ్చి వెళ్లినందుకు ధన్యవాదాలు చెబుతూ ఇంకొకటి. దాని రెండు కాళ్లూ సరిగ్గా ఫుట్‌పాత్ మీదే దిగుతాయి. దాన్ని చూస్తూ ఎవరూ ఆగరు, దాని కింద ఎవరూ కూర్చోరు, పక్కకు తప్పుకుని రోడ్డు మీదికి దిగి నడుస్తారు. సెల్ఫీ కోసమంటూ ఊరి పేరును పెద్ద అక్షరాల్లో నిలిపే వేడుక ఈ మధ్య మొదలైంది. ఫొటో తీసుకున్న తర్వాత అక్కడ ఒక మనిషి చేయగలిగిన పని ఏదీ లేదు, ఆనుకోవడానికి ఒక దిమ్మె కూడా ఉండదు. సవరలు తమ ఇంటి లోపలి గోడ మీద పితృదేవతల కోసం గీసుకునే బొమ్మలను అలంకారంగా వాడే ముచ్చటా ఉంది. సంతరోజున తట్ట దించుకోవడానికి సవర ఆడమనిషి నీడ వెతుక్కుంటుంటే, ఆ బొమ్మల ఎదుట మాత్రం కూర్చోరాదంటారు.

ఈ తేడా భక్తికీ వ్యాపారానికీ మధ్య ఉన్నదని మేము అనుకోవడం లేదు. దసరా మందిరాల్లోనూ వీధిని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మూసి, అంబులెన్సుకు సందు లేకుండా చేసేవి ఉన్నాయి. ఎదురుగా మనిషి నిలబడడానికీ పక్కన కూర్చోవడానికీ చోటు వదిలారా లేదా, కట్టడంలో ఆ వీధివారి చెయ్యి ఉన్నదా లేదా అన్నవే మా కొలతలు. చందా ఇచ్చిన ఇల్లు, తాడు కట్టిన కుర్రవాడు, రంగు బాగా లేదని వంక పెట్టిన తాత ఉన్న కట్టడానికి ఎవరూ కాపలా పెట్టనక్కరలేదు. రాత్రికి రాత్రి లారీలో వచ్చి దిగిన ఆర్చీని గాలికి చిరిగినా పట్టించుకునేవాడు ఉండడు.

చట్టం చెప్పేదీ కొంత ఉంది. రోడ్లు, ఫుట్‌పాత్‌ల వంటి ప్రజా స్థలాల్లో విగ్రహాలకు గానీ ఇతర కట్టడాలకు గానీ అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. తాత్కాలికం అన్న మాటను ఆ ఆదేశం నుంచి జారుకునే దొడ్డిదారిగా వాడుకోకూడదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం తోపుడుబండి వ్యాపారిని కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆర్చీ కాలు దిగే చోట అరటిపళ్ల బండి ఉంటే మాత్రం ఒక కేకతో పని జరిగిపోతున్నది. 2019లో చెన్నైలో అనుమతి లేని బ్యానరు మీద పడి, వెనుక వస్తున్న ట్యాంకరు కింద ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. అంతటిది జరిగితే గానీ మన కార్యాలయాల్లో ఫైలు కదలదా?

పైగా మనది తుపానుల తీరం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నడుస్తున్నవి దసరా రోజులే. 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస వైపున తీరం దాటి గజపతి జిల్లాను ముంచినప్పుడు దసరాకు సుమారు వారమే వ్యవధి ఉంది. మందిరాలు లేచే నెల, గాలులు లేచే నెల మనకు ఒకటే. కనుక పూట వ్యవధిలో విప్పి పక్కన పెట్టగలిగిన కట్టడానికే ఈ ప్రాంతంలో అనుమతి ఉండాలి.

ఇక అసలు కోరిక. 2009లో న్యూయార్క్ నగరపాలకులు టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే రోడ్డుకు వాహనాలు రాకుండా ఆపి, చవక మడతకుర్చీలు తెచ్చి వేశారు. ప్రయోగంగానే మొదలుపెట్టి, జనం కూర్చుంటున్నారని చూసి, మరుసటి ఏడాది ఆ మార్పును శాశ్వతం చేశారు. మనకు కుర్చీలు కొనే అవసరం కూడా లేదు. ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి అదే ప్రయోగాన్ని మన ముంగిట ఉచితంగా చేసి చూపుతున్నది. బండ్లు పక్క సందులో పెట్టుకోగలరా, పెట్టుకోగలరు. దుకాణాలకు బేరాలు తగ్గుతాయా, రథం ఎదుటి బజ్జీల బండి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. కార్పొరేషన్ ఇద్దరు మనుషులను పెట్టి, ఏ వీధిలో ఏ వేళ ఎందరు నిలబడ్డారో, ఎందరు కూర్చున్నారో, అందులో ఆడవారెందరో, ముసలివారెందరో రాయిస్తే చాలు. జనం ఎక్కువగా కూర్చున్న రెండు వీధుల్లో యాత్ర అయిపోయిన తర్వాత కూడా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వాహనాలను ఆపి చూడవచ్చు. నచ్చకపోతే ఎత్తివేయవచ్చు, ఇదీ తాత్కాలికమే కదా.

అనుమతి దరఖాస్తులో ఎత్తు, వెడల్పు, కరెంటు లోడుతో పాటు, మనుషులు నిలబడే చోటెంత, కదిలించే బండ్లు ఎన్ని, గుంజ పీకిన గొయ్యి పూడ్చేదెవరు అని కూడా అడగాలి. ఆ చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు. యాత్ర ముగిశాక కొత్త సిమెంటు రోడ్డులో జానెడు లోతు గుంటలు మిగులుతాయి, తొలకరికి నీళ్లు నిండి అవి కనబడవు. పొద్దున్నే నూలు కండెల బుట్టతో సైకిలు మీద వచ్చే నేతకారుడికి అవి తెలిసేది ముందు చక్రం దిగబడ్డాకనే. వచ్చే యాత్రకు రథాల కమిటీలతో కార్పొరేషన్ కూర్చునే మొదటి సమావేశంలోనే గుంట పూడ్చడానికి ధరావతు ఎంతో తేల్చి, లెక్క రాసే ఆ ఇద్దరు మనుషులు ఎవరో కూడా చెప్పాలి.