మాజీ సైనికుల పార్టీ గారికి ఒక హవల్దారు సెల్యూట్

జైహింద్ పార్టీ గారూ,

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మీ మీటింగ్‌కి నేనూ వచ్చాను. గుర్తుండదులెండి, కుర్చీలు వేసింది నేనే. పద్దెనిమిదేళ్లు సర్వీసు చేసి ముప్పై ఎనిమిదికే రిటైరై, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెలివరీ కుర్రాళ్ల పేర్లు రాసుకుంటున్నాను.

'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' అంటే, అదే, ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకి, ఒకే సర్వీసుకి ఒకే పింఛనంటే, మాకూ ప్రాణమే. 2015లో జంతర్ మంతర్ దగ్గర ముసలాళ్లు ఎండలో కూర్చుంటే, ఆ సెప్టెంబరులో సర్కారు ఒప్పుకుని 2014 జులై నుంచి లెక్కకట్టి ఐదేళ్లకోసారి సవరిస్తామంది, తీరా 2019 సవరణకి 2022 డిసెంబరులోగానీ మోక్షం రాలేదు. అంటే మీకు చేతినిండా పనుంది, కాదనను. కానీ ఆ స్టేజీ ఏంటండీ? అధ్యక్షులు బ్రిగేడియర్, ఉపాధ్యక్షులు ముగ్గురు కల్నల్స్, చోటు చాలక ఒక మేజర్ గారు అలిగి వెళ్లిపోయారు, సుబేదార్ సాబ్‌కి టీల విభాగం. పింఛనుకే ఒకే ర్యాంకు, కుర్చీ దగ్గర ఎవరి ర్యాంకు వారిదే!

మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి, కొడగు కరియప్ప గారంతటి వారే 1971లో లోక్‌సభకి నిలబడి ఓడిపోయారు. ఆరో వంతు ఓట్లు రాకపోతే డిపాజిట్ గోవిందా. మీరేమో రక్షణ మంత్రి ఎవరో అప్పుడే తేల్చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మా అపార్ట్‌మెంట్‌లో సైన్యమంటే అందరికీ మహా గౌరవం. ఆగస్టు 15న జెండా దగ్గరికి పిలుస్తారు, మిగతా రోజుల్లో మిలిటరీ క్యాంటీన్ రమ్ము కోసం పిలుస్తారు. పంచిన సీసాకో ఓటు పడితే మీరీపాటికి విధానసౌధలో ఉండేవారు.

అన్నట్టు, మీ కల్నల్ గారు చైనా గురించి ఇంగ్లీషులో నలభై నిమిషాలు దంచుతుంటే, చిత్తూరు వైపు నుంచి వచ్చిన, కాలంచేసిన ఒక సిపాయి గారి భార్య, పింఛను ఆగకుండా బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఎలా పంపాలని కాగితాలు పట్టుకుని నిలబడింది. ఎవరిని అడిగినా 'మీటింగ్ అయ్యాక చూద్దాం అమ్మా' అన్నారు. చివరికి కుర్చీల వెనక నా ఫోన్‌లోనే ఆవిడ మొహం స్కాన్ చేసి పంపించాం, మూడోసారికి తీసుకుంది. 'ఏ పార్టీ బాబూ నీది?' అనడిగింది. కుర్చీల పార్టీ అన్నాను.

వచ్చే నెల మీటింగ్‌కి ఒక బల్ల వేసి, మన పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్ తెలిసిన కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. నేనూ వస్తాను. కాకపోతే ఈసారి కుర్చీలు మేజర్ గారిని వేయమనండి, నాకు ఎనిమిదింటికి నైట్ డ్యూటీ.