‘ఇమ్యూనిటీ పెంచితే పిల్లల షుగర్ పోతుంది’ అన్నది తప్పు

పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. థైమస్ గ్రంథి చిన్నతనంలోనే ఎండిపోతుందట. దాంతో ఇమ్యూనిటీ తగ్గి పిల్లలకు షుగర్ వస్తుందట. 40 రోజులు కషాయం తాగిస్తే ఇన్సులిన్ మానేయొచ్చట. మా వీధిలో తొమ్మిదేళ్ల బాబుకు టైప్ 1 షుగర్ ఉంది. కరెంటు పోయినా ఇన్సులిన్ పాడవకూడదని వాళ్లమ్మ కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న డబ్బాలో సీసా దాస్తుంది. నిన్న ఆ మెసేజ్ చూపించి, "ఇంక సూది ఆపేయొచ్చా మాస్టారూ?" అని అడిగింది.

ఎండిపోవడం సంగతి సగమే నిజం. థైమస్ వయసుతో కుంచించుకుపోతుంది, కానీ తొమ్మిదేళ్లకు బాగానే పనిచేస్తుంటుంది.

ఇమ్యూనిటీ తగ్గిందన్న మాట పూర్తిగా తలకిందులు. బాబు రక్తంలోని టి కణాలు, అంటే ఇమ్యూనిటీకి చెందిన ఒక రకం తెల్ల రక్తకణాలు, బలహీనపడలేదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను పరాయివనుకుని అవే చంపేశాయి. ఈ పొరపాటు జరగకుండా చూసే మొదటి చోటు థైమస్. రొమ్ము ఎముక వెనక ఉండే ఈ గ్రంథిలోనే టి కణాలు ఎదుగుతాయి. ఇన్సులిన్ చేయాల్సింది క్లోమమే అయినా, థైమస్‌లోని కొన్ని కణాలు కూడా రవ్వంత చేస్తాయి. థైరాయిడ్ ప్రోటీనూ, కంటి ప్రోటీనూ అంతే. శరీరం వాడుకోవడానికి కాదు, ఎదుగుతున్న టి కణాలకు చూపించడానికి! ఆ ప్రోటీన్లను గట్టిగా పట్టుకున్న టి కణం అక్కడే చచ్చిపోతుంది, లేదా మిగతావాటిని అదుపుచేసే కణంగా మారుతుంది. ఇలాంటి ప్రోటీన్లను చేయించే వేల జన్యువులను థైమస్‌లో పనిచేయించేది ‘ఎయిర్’ అనే జన్యువు. దీన్ని 1997లో గుర్తించారు. అది చెడినవాళ్లలో పారాథైరాయిడ్, ఎడ్రినల్ గ్రంథుల మీద సొంత ఇమ్యూనిటీయే దాడి చేస్తుంది. ఇన్సులిన్ జన్యువులోనూ రకాలున్నాయి. థైమస్‌లో ఇన్సులిన్ తక్కువగా చేయించే రకం ఉన్నవాళ్లకు టైప్ 1 ముప్పు ఎక్కువ. ఆ ఒక్కటే కారణం కాదు గానీ, తల్లి పెట్టిన తిండి వల్ల మాత్రం రాదు. ఆమె ఇన్నాళ్లూ తనను తాను తిట్టుకుంటోందని తెలిసి ప్రాణం ఉసూరుమంది.

ఇక కషాయం. చచ్చిన బీటా కణాలను ఏ కషాయమూ తిరిగి తేదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారు కాదు. సూది ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే బరంపురమో శ్రీకాకుళమో అని ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తండి, టైప్ 1 షుగర్ అని గుమ్మంలోనే చెప్పండి.