పేరు లేని వాయుగుండమే ముంచింది

బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందంటే తిరుపతిలో మొదట వినిపించే మాట, సముద్రం ఎక్కడ, మనమెక్కడ అని. తుఫాను చెన్నై వైపో బాపట్ల వైపో పోతోందని టీవీలో చూసి ఛానల్ మార్చేస్తాం. కానీ 2021 నవంబరులో మనల్ని ముంచింది అసలు తుఫానే కాదు. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫానని పేరు పెడతారు, దానికంత సీన్ లేదు, ఉత్తి వాయుగుండం, 19వ తేదీ తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటేసింది. ఈలోపు శేషాచలం కొండల మీద కుమ్మరించిన వాన మాత్రం మన వీధుల్లోకే దిగింది. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది.

పేరు గాలిని బట్టి పెడతారు, మన ప్రాణాల మీదికొచ్చేది నీళ్లు. కొండ మీద పడిన వాన కింద స్వర్ణముఖిని చేరాలి, మధ్యలో ఊరుంది. ఆ నీళ్లు పోయే వంకలు, కాలువల మీద ఇళ్లు కట్టుకున్నాం, పర్మిషన్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అప్పుడు నేల ఎంతగా నీళ్లు తాగిందంటే, శ్రీకృష్ణనగర్‌లో ఓ ఇంట్లో భూమిలో దించిన సిమెంటు ఒరల సంపు నేలను చీల్చుకుని పైకి లేచి నిలబడింది. ఊరు ఊరంతా వెళ్లి చూసింది. అదేమీ వింత కాదు, కింద నీళ్లు ఉబికి ఒరల్ని పైకి నెట్టాయి, అంతే.

ఊరి బయట భయం వేరు. రాయలచెరువు కట్టకు లీకేజీ పడిందని తెలియగానే దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో గండం గడిచింది గానీ, కట్టను చూసేది వాన పడ్డాకేనా? చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మొరవలు ఎండాకాలంలోనే బాగు చేయించాలి, కట్ట మీద ముళ్లచెట్లు కొట్టించాలి.

అంతకు నెల ముందే, అక్టోబరులో, రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో వాహనం మునిగి ఒక నవవధువు చనిపోయింది. తెలియక బయటి ఊరి బండ్లు దిగేస్తాయి. వాన మొదలైన వెంటనే అక్కడ మనిషిని పెట్టి గేటు వేయడానికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు, నీటి మట్టం గుర్తులు గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించడానికి టెండర్లూ అక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులోనే వస్తాయి, కార్పొరేషన్ ఈ రెండు పనులైనా సెప్టెంబరులోపు పూర్తి చేయాలి.