"కోట గోడ మీద గీస్తే 5 వేల ఫైనే" అన్న మెసేజ్ పూర్తిగా తప్పు

వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, నిన్న స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. అందులో ఉన్నది ఇది: పాత కోటలు, గుళ్ళు, పార్కులు ప్రజల ఆస్తి అంటే మనవే, వాటికి ఏం చేసినా మహా అయితే 5 వేల ఫైన్, బోర్డు లేకపోతే కేసే లేదు, సొంత పట్టా భూమిలో ఏం చేసుకున్నా ఎవడూ అడగడు, తవ్వితే దొరికిన నిధి తవ్వినోడిదే. చదివి ఊరుకుందామనుకున్నా కానీ ఇంటర్ చదివే పిల్లలు కూడా దీన్ని నిజమనుకుని స్టేటస్ పెడుతున్నారు, అందుకే ఒక్కొక్కటీ రాస్తున్నా.

ముందు ఆ 5 వేల సంగతి. ఒకప్పుడు అది నిజమే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టంలో సెక్షన్ 30 కింద 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ అని ఉండేది. 2010లో పార్లమెంటు దాన్ని మార్చేసింది. ఇప్పుడు 2 ఏళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. 2010కి ముందు పెట్టిన బోర్డు ఎక్కడైనా ఇంకా ఉంటే దాని మీద పాత లెక్కే ఉంటుంది, బహుశా మెసేజ్ రాసినాయన దాన్నే చూసి రాసుంటాడు, కానీ ఆ పాత లెక్కలో కూడా జైలు ఉంది కదా, ఆ మాటే ఎత్తలేదు. కూల్చేస్తేనే నేరం అనుకోకండి, పాడు చేసినా, మార్చినా, రాతలు రాసి వికారం చేసినా, ప్రమాదంలో పడేసినా అదే సెక్షన్. పైగా ఇది కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు పట్టుకెళ్ళొచ్చు. అలాగని పేరు గీసిన ప్రతివాడికీ 2 ఏళ్ళు పడతాయని నేను చెప్పట్లేదు, అది గరిష్ఠం, కోర్టు జరిమానాతో వదిలేయొచ్చు కూడా. కానీ 19 ఏళ్ళ కుర్రాడి మీద కేసంటూ పడితే రేపు పాస్‌పోర్ట్ దగ్గరా ఉద్యోగం దగ్గరా దాని గురించి జవాబు చెప్పుకోవాల్సింది ఆ కుర్రాడే, ఈ మెసేజ్ రాసినాయన వచ్చి చెప్పడు.

గోల్కొండలో మెట్లెక్కేటప్పుడు ఒక్కసారి గోడ దగ్గరగా నిలబడి చూడండి. రాతి మీద గచ్చు మిగిలిన చోట చెయ్యి పెడితే ఇప్పటికీ నున్నగా చల్లగా తగులుతుంది. అది డంగు సున్నం, గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం లాంటివి కలిపి చేసేది. పోయిన చలికాలం నా కళ్ళ ముందే ఒక అబ్బాయి బండి తాళంచెవితో దాని మీద గుండె బొమ్మ గీస్తున్నాడు, గీత పడ్డ చోటల్లా తెల్లటి పొడి రాలి వాడి షూ మీద పడుతోంది. "తమ్ముడూ వద్దురా" అంటే "ఆల్రెడీ అందరూ రాశారు కదన్నా" అన్నాడు. నిజంగానే చుట్టూ వందల పేర్లున్నాయి. కానీ దాని మీద సిమెంటు పూస్తే పాత గచ్చు ఇంకా త్వరగా ఊడిపోతుంది, కొత్త సున్నం వేస్తే అది కొత్త సున్నమే, 400 ఏళ్ళ నాటి చెయ్యి ఇక తిరిగి రాదు.

బోర్డు లేకపోతే కేసు లేదన్నది ఇంకో తప్పు. రక్షణ వచ్చేది గెజిట్ నోటిఫికేషన్ వల్ల, బోర్డు వల్ల కాదు, బోర్డు గాలికి పడిపోయినంత మాత్రాన రక్షణ పోదు. దేశం మొత్తం మీద కేంద్ర పురావస్తు శాఖ కింద దాదాపు 3,700 కట్టడాలున్నాయి, అవి కాక రాష్ట్ర పురావస్తు శాఖల కింద ఉన్నవి వేరే. సరే, ఏ లిస్టులోనూ లేని గుట్ట, ఏ లిస్టులోనూ లేని మండపం అనుకుందాం, అది సర్కారుదో పంచాయతీదో అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 ఉంది. ప్రభుత్వ ఆస్తికి నష్టం చేస్తే ఏడాది వరకు, నష్టం 20 వేలు దాటితే 2 ఏళ్ళ వరకు, లక్ష అయినా దాటినా 5 ఏళ్ళ వరకు జైలు.

పార్కులకి కూడా ఇదే, పైగా 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం కూడా ఉంది, అందులో 5 ఏళ్ళ వరకు జైలు, దానికి తోడు జరిమానా. మునిసిపాలిటీ బెంచీ, రెయిలింగూ, పిల్లల ఉయ్యాలా అన్నీ ప్రజా ఆస్తే, ఎందుకంటే స్థానిక సంస్థల ఆస్తి కూడా అందులోకి వస్తుంది. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్క్ అయితే మామూలు పార్కే కాదు, 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించారు, అక్కడ కొమ్మ నరికినా వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, 3 ఏళ్ళ వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ. "ప్రజలది కాబట్టి నాది" అనే మాటే నాకు అర్థం కాదు. అమరావతి బౌద్ధ స్తూపం గురించి తెలిసినవాళ్ళు ఎవరూ ఆ మాట అనలేరు. 18వ శతాబ్దం చివర్లో అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాలకి రాయి కావాలని దిబ్బగా మారిన ఆ స్తూపాన్ని తవ్వారు, శిల్పాలున్న సున్నపురాతి పలకల్ని బట్టీల్లో వేసి సున్నంగా కాల్చుకున్నారు. మిగిలిన వాటిలో కొన్ని లండన్ లో, కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, మనం అంతదూరం వెళ్ళి చూసుకోవాలి. అప్పుడు ఆపడానికి చట్టం లేదు, ఇప్పుడుంది.

పట్టా భూమి సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నిజంగా ఇబ్బంది పడేవాళ్ళున్నారు. రక్షిత ప్రాంతంలో కట్టడం, తవ్వడం, బ్లాస్టింగ్ చేయకూడదని చెప్పే 1958 చట్టం సెక్షన్ 19లోనే "భూమి యజమానితో సహా" అని ఉంది, అంటే పట్టా చూపించి తప్పించుకోవడం కుదరదు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకుని కట్టుకోవాల్సిన ప్రాంతం. ఉల్లంఘిస్తే మళ్ళీ అదే 2 ఏళ్ళు, లక్ష, చూసీ చూడనట్టు వదిలేసిన అధికారికైతే 3 ఏళ్ళ వరకు. ఓరుగల్లు కోటలో, గోల్కొండ కోటలో తరతరాలుగా ఇళ్ళున్నవాళ్ళకి ఇది కష్టమే, నేను కాదనను. కానీ రిపేర్లకి అనుమతి ఇచ్చే పద్ధతి అదే చట్టంలో ఉంది, ఆ దారి చెప్పకుండా "ఎవడూ అడగడు" అని చెప్పి వాళ్ళ చేత స్లాబు వేయిస్తే రేపు కూలగొట్టేది వాళ్ళ స్లాబే.

ఇక నిధి, అన్నిటికన్నా ప్రమాదం ఇదే. 1878 నుంచీ ఉన్న ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కి రాసి ఇవ్వాలి. దాచుకుంటే ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ, వాటా కూడా పోతుంది. చెప్పినవాడికి మాత్రం చట్టం అన్యాయం చేయదు, ఆ నిధికి యజమాని ఎవరూ లేరని తేలి, దొరికినవాడికీ భూమి సొంతదారుకీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడొంతులు దొరికినవాడికి, మిగతాది ఆ భూమి సొంతదారుకి. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే ఆ సరుకు విలువకి ఐదో వంతు కలిపి ఇస్తుంది. మెసేజ్ లో ఇదొక్క ముక్క రాసినా బాగుండేది. అదీ పొలం దున్నేటప్పుడు అనుకోకుండా దొరికితే, రక్షిత చోటుకి గడ్డపార పట్టుకెళ్ళి తవ్వితే ఆ తవ్వడమే నేరం.

పల్నాడులో మా అమ్మమ్మ వాళ్ళ ఊరి గుట్ట మీద చిన్న శివాలయం ఉంది. కొన్నేళ్ళ కింద ఒక అమావాస్య తెల్లారి వెళ్ళి చూస్తే నంది పక్కకి దొర్లి ఉంది, కింద నడుము లోతు గొయ్యి, గట్టు మీద కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కొబ్బరి చిప్పలు, వదిలేసిన ఒక చెప్పు. లేపేటప్పుడు గునపం తగిలిందేమో నందికి ఎడమ చెవి, మెడలో గంటల పట్టెడ సగం ఊడిపోయాయి. గోతిలో మట్టి తప్ప ఏమీ ఉన్న ఆనవాలు లేదు. ఊళ్ళో వాళ్ళంతా కలిసి మోకులు కట్టి నందిని మళ్ళీ నిలబెట్టారు, చెవి ముక్క మాత్రం దొరకలేదు. ఇలాంటివి కంటబడితే 112కి కొట్టండి, లేదా తహసీల్దారుకి చెప్పండి. ఆ రాత్రి గుట్ట మీద టార్చి లైట్లు చూశామని తర్వాత ముగ్గురు చెప్పారు, ముగ్గురి దగ్గరా ఫోన్లున్నాయి.