పాట నచ్చడానికి ముందు పాటించవలసిన నియమాలు

పాటను ముందు విని, ఇష్టపడి, ఆ తరువాత తీరిగ్గా అది ఏ కోవకు చెందినదో విచారించే దురలవాటు చెన్నైలోని తెలుగు కుటుంబాలకు సైతం పాకినందువల్ల ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది. మొన్న ధనుర్మాసంలో మా మేనల్లుడిని మైలాపూరులో ఒక సంగీత సభకు తీసుకువెళ్లాను. త్యాగరాజ కీర్తనకు తొడ మీద తాళం వేసిన ఆ కుర్రవాడు, తిరుగు దారిలో ఆటోలో మోగుతున్న గానా పాటకు కూడా అదే తొడ మీద, అదే చేత్తో తాళం వేశాడు. ఉత్తర చెన్నై పేటల్లో, చావు ఇళ్ల ముందు రాత్రంతా పాడగా పెరిగిన పాట అది అని హెచ్చరించాను. "అవునా మావయ్యా, భలే ఉంది" అన్నాడు.

సంగీతం వినడమంటే ఏమిటో ఇతనికి తెలియదు. సభలో తెలుగువాడు కూర్చునేది ఆనందించడానికి కాదు, పదచ్ఛేదం సరిచూడడానికి. గాయకుడు ఎక్కడ మాట విరుస్తాడా అని ముందు వరుసలో కాచుకుని ఉండి, విరిచిన వెంటనే పక్కవాడి వంక బాధగా చూసి, పాట ఆగి తాళవాద్యం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలు కాగానే మృదంగ విద్వాంసుడిని ఆయన మానాన వదిలి కాఫీ కోసం క్యాంటీనుకు నడవడం మన సంప్రదాయం. ఈ శ్రమ ఏదీ పడకుండా పాట నచ్చిందంటే దానిని రసికత అనడానికి నాకు నోరు రాదు.

కోవల మధ్య గోడ ఎంత ప్రాచీనమో అతనికి నిరూపించాలని పుస్తకాలు తిరగేశాను. అనవసరంగా తిరగేశాను. మద్రాసులో యూరోపియన్ల దగ్గర ఫిడేలు నేర్చిన బాలుస్వామి దీక్షితులు, కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన సాక్షాత్తు ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడట. ఆ అన్నగారేమో తెల్లవారి బ్యాండు బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. సభలో గాత్రం పక్కన అంత శుద్ధంగా కూర్చున్న ఫిడేలు సముద్రం దాటి వచ్చినదన్న సంగతి మేనల్లుడి చెవిన పడకూడదని ఆ పుస్తకాలను అటక ఎక్కించాను.

ఇంతలో అతను ఇళయరాజా 1986లో త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన సంగీత సంపుటిని పెట్టాడు. దాని పేరే "హౌ టు నేమ్ ఇట్?" దీనికి ఏమని పేరు పెట్టాలో సృష్టికర్తే శ్రోతను అడుగుతుంటే శ్రోత ఏ అరలో సర్దుకోవాలి? కర్ణాటకమా, పాశ్చాత్యమా అన్నది తేలేవరకు ఇష్టపడరాదని నిశ్చయించుకుని, తేల్చడం కోసమే వరుసగా నాలుగుసార్లు విన్నాను. తేలలేదు. ఐదోసారి వింటున్నప్పుడు మా ఆవిడ వచ్చి, తల ఎందుకు ఊపుతున్నారని అడిగింది. మెడ పట్టేసిందని చెప్పాను.

నిన్న ఒంటరిగా ఆటో ఎక్కితే, నా నుదుటి విభూతిని అద్దంలో చూసి డ్రైవరు మర్యాదకొద్దీ గానా పాటను ఆపబోయాడు. "ఇరుక్కట్టుం పా", అంటే ఉండనీవయ్యా అని తమిళంలో అన్నాను. పరిశీలన నిమిత్తమే. పాట పూర్తి కాకపోవడం వల్ల మా వీధి దాటి రెండు వీధులు ముందుకు వెళ్లవలసి వచ్చింది. అందుకు అతను అదనంగా అడిగిన 20 రూపాయలను ఇంటి పద్దులో పరిశోధన ఖర్చు కింద రాసుకున్నాను.