సవరణ: వైబ్రేషన్ పెరిగితే బేరింగ్ మార్చాలా?

మిషన్ల వైబ్రేషన్ గురించి రాసిన గత పోస్టులో ‘వైబ్రేషన్ పెరుగుతూ పోతుంటే బేరింగ్ మార్చడానికి ప్లాన్ చేసుకోండి’ అన్న వాక్యానికి ముందు ఈ షరతు చేర్చి చదవండి: అదే వేగం, అదే లోడు దగ్గర. (బేరింగ్ అంటే తిరిగే ఇరుసును పట్టి ఉంచే భాగం.)

ఇది చిన్న షరతేం కాదు. ఒక ఫ్యాన్ వేగాన్ని నిమిషానికి 1,000 చుట్ల నుంచి 1,200కి పెంచారనుకుందాం. అన్‌బ్యాలెన్స్ (తిరిగే భాగంలో బరువు అన్ని వైపులా సమానంగా లేకపోవడం) వల్ల పుట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 1.44 రెట్లవుతుంది. బేరింగ్ నిక్షేపంగానే ఉంటుంది, వైబ్రేషన్ గ్రాఫ్ మాత్రం పైకి ఎగబాకుతుంది. వేగం పెంచిన సంగతి తెలియని మెయింటెనెన్స్ వాళ్లకి టెన్షన్, లైను ఆపించారని ప్రొడక్షన్ వాళ్లకి కోపం. అందుకే ప్రతి రీడింగ్ పక్కన ఆ సమయానికి ఉన్న వేగం, లోడు, నడుస్తున్న ప్రొడక్టు కూడా రికార్డవ్వాలి. వైబ్రేషన్ రికార్డు చేసే సిస్టమ్, ప్రొడక్షన్ వివరాలు రికార్డు చేసే సిస్టమ్, ఈ రెండిటి గడియారాలూ కలవాలి (సగం గొడవలు ఇక్కడే పుడతాయి). పది నిమిషాలు తేడా వచ్చినా, ఒక బ్యాచ్‌లో పెరిగిన వైబ్రేషన్ ఇంకో బ్యాచ్ ఖాతాలో పడుతుంది.

వైబ్రేషన్ ఉన్నట్టుండి పెరిగి, దానికి వేడి, శబ్దం కూడా తోడైతే మాత్రం ఈ పోలికలు చూస్తూ కూర్చోవద్దు, ముందు మిషన్ ఆపండి. గత పోస్టులో అలారం, ట్రిప్ (మిషన్ దానంతటదే ఆగిపోవడం) పరిమితుల గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.